వంటింట్లో బంగాళాదుంపలు, కాగితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మేము ఉండే వీధి చుట్టుపక్కల చిత్తూరు, అనంతపురం, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నేను చాలా ఏళ్లు రసాయన శాస్త్రం బోధించానని తెలిసినవారు వంటింటి సందేహాలను దారిలో కనబడినప్పుడల్లా అడుగుతూ ఉంటారు. చెన్నైలో ఉన్న మా అక్కయ్య ఫోనులో అడుగుతుంది. ఏటా అవే ప్రశ్నలు తిరిగి వస్తున్నందువల్ల వాటిని ఒకచోట చేర్చాను.

దుంపనూ కాగితాన్నీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. వంటింట్లో ఇవి ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, రెండూ ఒకే చక్కెరతో కట్టినవి. గ్లూకోజ్ అణువులు ఒక తీరులో గొలుసుకడితే దుంపలోని పిండి పదార్థం అవుతుంది, మరో తీరులో గొలుసుకడితే కాగితంలోని సెల్యులోజ్ అవుతుంది. నీరు, నూనె, వేడి, వెలుతురు వీటిని ఎలా మారుస్తాయో తెలిస్తే చాలా సందేహాలు వాటంతట అవే తీరుతాయి. ఏ ప్రశ్నకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## కొనేటప్పుడు

బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ అన్నీ ఒకటేనా? ఇక్కడి అంగట్లో ఏమని అడగాలి?

అన్నీ ఒకటే. కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, చిత్తూరు, నెల్లూరు వైపు ఉర్లగడ్డ అంటారు. ఉర్లగడ్డ అన్న మాట తమిళుల ఉరుళైక్కిళంగుకు చాలా దగ్గర కాబట్టి చెన్నైలో ఆ పేరుతో అడిగినా అర్థమవుతుంది. బెంగళూరులో ఆలూగడ్డె అంటే చాలు. పేరులో బంగాళా ఉన్నా ఈ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి చేరింది.

హాసన్ దుంపలు, ఊటీ దుంపలు, ఆగ్రా దుంపలు అంటారు. రుచిలో నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. అయితే ఆ తేడాలో పండిన నేలకు ఎంత పాత్ర ఉందో, ఆ తర్వాత నిల్వ చేసిన తీరుకు కూడా అంత పాత్ర ఉంది. హాసన్ జిల్లాలో తొలకరి వానలకు నాటిన దుంపలు మూడు నెలల్లో చేతికి వచ్చి, ఆగస్టు, సెప్టెంబరు నాటికి బెంగళూరు మార్కెట్లకు చేరతాయి. నీలగిరి కొండల్లో పండేవి మేట్టుపాళయం మార్కెట్ మీదుగా తమిళనాడు అంతటికీ వెళతాయి. ఇవి సాధారణంగా తవ్విన కొద్ది రోజులకే మన చేతికి వస్తాయి. ఆగ్రా వైపు పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వి శీతల గిడ్డంగుల్లో పెడతారు, అక్కడి నుంచి శీతాకాలం మొదలయ్యేదాకా కొద్దికొద్దిగా బయటికి తీస్తారు. 2 నుంచి 4 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉన్న దుంపలో పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. కూర తియ్యగా అనిపించడానికి, వేపుడు త్వరగా నల్లబడడానికి కారణం ఇదే. అలాంటి దుంపలు దొరికినప్పుడు వాటిని వారం, పది రోజులు బయట చీకటిలో ఉంచితే ఆ తీపి కొంత తగ్గుతుంది.

రకాల పేర్లకు ముందు కుఫ్రి అని ఎందుకు ఉంటుందని కూడా అడుగుతుంటారు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ సిమ్లాలో ఉంది. కుఫ్రి దాని దగ్గరి కొండ ఊరు. అక్కడ రూపొందించిన రకాలకు ఆ ఊరి పేరు చేరుస్తారు. 1968లో విడుదలైన కుఫ్రి జ్యోతి హాసన్ రైతులు ఎక్కువగా వేసే రకం.

కడిగి మెరిసేవి కొనాలా, మట్టి అంటినవి కొనాలా?

ఆ రోజే వండుకునేటట్లయితే ఏవైనా ఒకటే. రెండు వారాలు నిల్వ ఉంచుకోవాలంటే మట్టి అంటినవే మేలు, ఎందుకంటే కడిగినప్పుడు కళ్లలోనూ గీతల్లోనూ నిలిచిన తేమ కుళ్లుకు దారి తీస్తుంది.

తొక్క వేలితో రుద్దితేనే ఊడిపోతోంది. దుంప పాడైనట్లా?

కాదు. అది కొత్త దుంప. తొక్క ఇంకా ముదరలేదు, లోపల నీరు ఎక్కువగా ఉంది. కూరకు, పులుసుకు చాలా బాగుంటుంది కానీ ఎక్కువ రోజులు నిలవదు.

## ఇంటికి తెచ్చాక

ఫ్రిజ్‌లో పెట్టవచ్చా, పెట్టకూడదా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

రెండు మాటలకూ ఆధారం ఉంది. చలిలో దుంపలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర అధిక వేడిలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి, క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. ఆహారంలో ఇది ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన తరువాత ఫ్రిజ్ వద్దన్న సలహా బలపడింది. 2023లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ, ఇంటి ఫ్రిజ్‌లో ఉంచడం వల్ల ఆ ప్రమాదం గతంలో భావించినంత పెరగదని చెప్పి తన సలహాను మార్చుకుంది.

నా సలహా ఊరిని బట్టి ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి, ఏడాదిలో చాలా నెలలు గాలి తగిలే చీకటి మూలలో వెదురు బుట్ట పెడితే దుంపలు రెండు, మూడు వారాలు చక్కగా ఉంటాయి. చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు వేడికి ఉక్క తోడవుతుంది కాబట్టి అలా ఉండవు. అక్కడ వారానికి సరిపడా మాత్రమే కొనుక్కోవడం మంచిది. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే వాటిని ఉడికించే వంటకాలకు వాడుకోవాలి, వేపుడుకు, చిప్స్‌కు వాడకపోవడం మేలు.

దుంప మీద ఆకుపచ్చ రంగు వచ్చింది. ఆ భాగం తీసేస్తే సరిపోతుందా?

ఆ ఆకుపచ్చ రంగు పత్రహరితం. దానివల్ల హాని లేదు. హాని చేసేది దానితోపాటు పెరిగే సోలనిన్, చాకోనిన్ అనే చేదు పదార్థాలు. దుంప నిజానికి వేరు కాదు, భూమిలో ఊరిన కాండం. వెలుతురు తగలగానే అది కాండంలా ప్రవర్తించి పచ్చబడుతుంది, తనను తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి ఈ పదార్థాలను పెంచుకుంటుంది. ఎండే కానక్కరలేదు, అంగట్లో రాత్రంతా వెలిగే ట్యూబులైటు చాలు.

కిలో దుంపలో ఇవి 200 మిల్లీగ్రాములకు మించకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఇంట్లో కొలిచే వీలు లేదు కాబట్టి కంటినీ నాలుకనూ నమ్ముకోవాలి. రూపాయి బిళ్లంత మచ్చ ఉంటే అక్కడ లోతుగా కోసి, మిగతా తొక్కను మందంగా చెక్కేసి వాడుకోవచ్చు. పచ్చదనం చాలామేర పాకినా, ఉడికాక చేదు తగిలినా పారేయవలసిందే. ఉడికించడం వల్లగానీ వేయించడం వల్లగానీ సోలనిన్ పోతుందని భావించకండి, వంటింటి వేడికి అది విరగదు. ఎక్కువగా తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తలనొప్పి రావచ్చు. చిన్నపిల్లలకు పెట్టే దుంపల విషయంలో నేను మచ్చ ఉన్నవాటిని అసలు వాడను. దుంప ఖరీదు అంత పట్టుదలకు తగింది కాదు.

మొలకలు వచ్చినవి వండుకోవచ్చా?

దుంప గట్టిగా ఉండి మొలక చిన్నదైతే, మొలకనూ దాని చుట్టూ ఉన్న కన్నునూ లోతుగా తవ్వి తీసేసి వండుకోవచ్చు. మొలకలు పొడవుగా సాగి దుంప మెత్తబడి ముడతలు పడితే వద్దు. అప్పటికి లోపలి పిండి పదార్థం చాలావరకు మొలకలకు తరలిపోయి ఉంటుంది, చేదు పదార్థాలు కూడా పెరిగి ఉంటాయి.

ఉల్లిపాయలతో కలిపి ఒకే బుట్టలో వేయవచ్చా? కాగితం సంచి నిజంగా మంచిదేనా?

వేరువేరుగా ఉంచండి. దుంపలు తవ్విన తరువాత కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి, తేమను వదులుతూ ఉంటాయి. ఉల్లిపాయకు పొడిదనం కావాలి. రెండూ ఒకచోట చేరితే ఒకదాని తేమకు మరొకటి మొలకెత్తడమో కుళ్లడమో జరుగుతుంది.

కాగితం సంచి మంచిదే. అది వెలుతురును అడ్డుకుంటుంది, సన్నని రంధ్రాలలో నుంచి గాలిని పోనిస్తుంది, కొంత తేమను తానే పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సంచి ఈ మూడింటిలో ఏదీ చేయదు. అంగడివారు కట్టి ఇచ్చిన ప్లాస్టిక్ సంచిని అలాగే మూలన పెట్టి ఐదో రోజున విప్పితే వచ్చే వాసన చాలామందికి అనుభవమే. కాగితం సంచి మూతిని మడవకుండా వదులుగా ఉంచండి, అడుగు తడిసినట్లు కనిపిస్తే సంచి మార్చండి, అందులో ఏదో ఒక దుంప కుళ్లడం మొదలైందని ఆ తడి ముందుగానే చెబుతుంది.

అలమరలో పరిచిన పేపర్ల కింద వెండి రంగు పురుగులు కనిపిస్తున్నాయి. ఎందుకు వస్తున్నాయి?

వాటిని సిల్వర్‌ఫిష్ అంటారు. వాటికి ఇష్టమైన ఆహారం పిండి పదార్థమూ, కాగితమూ. అట్టపెట్టెల జిగురు, పుస్తకాల కుట్టు దగ్గరి జిగురు, చిందిన మైదా, తడి తగిలిన పేపరు వాటికి విందు. చెన్నై వంటి ఉక్క ఎక్కువ ఉన్న ఊళ్లలో ఇవి మరింత వేగంగా పెరుగుతాయి. పేపర్లను నెలకొకసారి మార్చి, అలమరను తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, కొత్తవి పరచండి. ఖాళీ అట్టపెట్టెలను వంటింట్లో దాచకండి.

## తరిగేటప్పుడు, ఉడికించేటప్పుడు

తరిగిన ముక్కలు ఎర్రబడుతున్నాయి. నీళ్లలో వేస్తే పోషకాలు పోతాయా?

కత్తి పడినచోట కణాలు చిట్లి, లోపలి ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పనిచేయడంతో ఆ రంగు వస్తుంది. హానికరం కాదు. నీళ్లలో మునిగితే గాలి తగలదు, పైనున్న పిండి కూడా కడుక్కుపోతుంది కాబట్టి వేపుడు అంటుకోకుండా పొడిపొడిగా వస్తుంది. నీళ్లలో కరిగే సి విటమిన్ కొంత పోతుంది. ఇరవై నిమిషాలు చాలు, రాత్రంతా నానబెట్టవలసిన అవసరం లేదు.

తెల్లగా ఉన్న దుంప ఉడికి చల్లారాక బూడిద రంగుకు ఎందుకు మారింది?

దుంపలో సహజంగా ఉండే ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం ఉడికేటప్పుడు కలుసుకుంటాయి. చల్లారుతున్నప్పుడు గాలి తగిలి ముదురు రంగు వస్తుంది. తినవచ్చు. ఉడికే నీళ్లలో చివరన కాస్త నిమ్మరసం వేస్తే ఆ రంగు తగ్గుతుంది.

పులుసులో ముక్కలు గంటసేపు ఉడికినా గట్టిగానే ఉన్నాయి. దుంప మంచిది కాదా?

దుంపను నిందించనవసరం లేదు, చింతపండు రసం ముందుగా పోసి ఉంటారు. దుంప కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది పెక్టిన్. మామూలు నీళ్లలో అది వేడికి కరిగి ముక్క మెత్తబడుతుంది. పులుపులో ఉన్నప్పుడు అంత సులువుగా కరగదు. అందువల్ల ముక్కలను ఉప్పునీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి, ఆ తరువాతే చింతపండు పులుసు పోయాలి. టమాటాల విషయంలోనూ ఇంతే.

ఈ గుణాన్ని మన అమ్మమ్మలు మరోవైపు నుంచి వాడుకున్నారు. ముక్క చెదరకుండా నిలవాలనుకున్నప్పుడు సరిగ్గా ఉడికిన క్షణాన పులుపు చేరిస్తే, ఆపైన ఎంత మరిగినా అది ముద్ద కాదు. మరునాటికి కూడా ముక్క ముక్కగానే ఉండే ఉర్లగడ్డ పులుసు రహస్యం అదే. ఏ పాఠ్యపుస్తకమూ లేకుండా కేవలం కన్నుతో, గరిటతో ఇది కనిపెట్టిన వారి పట్ల నాకు చాలా గౌరవం ఉంది.

దోసెలోకి దుంపను మిక్సీలో వేస్తే బంకలా సాగింది. ఎందుకు?

ఉడికిన దుంపలో పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి, కణాల లోపలే సంచుల్లో ఉన్నట్లు ఉంటాయి. చేత్తోనో పప్పుగుత్తితోనో మెదిపితే కణాలు విడిపోతాయి కానీ ఎక్కువగా పగలవు. మిక్సీ బ్లేడు వాటిని చీల్చి పిండినంతా బయటికి తెస్తుంది, అది జిగురవుతుంది. బెంగళూరు మసాలా దోసెలోని పల్యం పలుకులు పలుకులుగా ఉండడానికి కారణం దాన్ని చేత్తో మెదపడమే.

సాంబారులో ఉప్పు ఎక్కువైతే దుంప ముక్క వేస్తే లాగేస్తుందా?

దుంప ఉప్పును ఏరి పట్టుకోలేదు. అది ఉప్పునీటిని కొంత పీల్చుకుంటుంది, అంతే. మిగిలిన సాంబారులో ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పు లేకుండా ఉడికించిన పప్పునూ నీళ్లనూ చేర్చడమే అసలైన మార్గం.

చల్లారిన దుంప తింటే షుగరు పెరగదంటున్నారు. నిజమేనా?

పాక్షికంగా నిజం. ఉడికిన దుంప చల్లారినప్పుడు కొంత పిండి పదార్థం తిరిగి గట్టిపడి, మన పేగుల్లో సులువుగా అరగని రూపానికి మారుతుంది. అది కొంతే, మిగతాదంతా గ్లూకోజ్‌గానే మారుతుంది. మధుమేహం ఉన్నవారు ఈ మాటను పట్టుకుని పరిమాణం పెంచకూడదు, వైద్యులు చెప్పిన కొలతే పాటించాలి.

## కాగితం పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడు

బజ్జీలు తీసిన వెంటనే టిష్యూ మీద వేయాలా, చల్లారాక వేయాలా?

వెంటనే వేయాలి. నూనెలో ఉన్నంతసేపూ లోపలి నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తూ ఉంటుంది కాబట్టి నూనె లోపలికి పోవడానికి అంత వీలుండదు. పైకి తీసి చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుని, పైన అంటి ఉన్న నూనెను లోపలికి లాక్కుంటుంది. ఆ మొదటి నిమిషంలోనే కాగితం పైనూనెను పీల్చేయాలి. అయితే బజ్జీలను కాగితం మీదే కుప్పగా వదిలేస్తే ఆవిరి నిలిచి మెత్తబడతాయి. కాగితం మీద ఒకసారి అటూ ఇటూ దొర్లించి జల్లెడ వంటి గిన్నెలోకి మార్చండి.

చిన్నప్పటి నుంచి పేపరు పొట్లంలోనే బజ్జీలు తిన్నాం. ఇప్పుడెందుకు వద్దంటున్నారు?

ఈ ప్రశ్న వెనుక ఉన్న మమకారం నాకు అర్థమవుతుంది. మెరీనా గాలిలోనో, బసవనగుడి మలుపులోనో వేడివేడి బజ్జీల పొట్లం విప్పిన జ్ఞాపకం లేనివారు మనలో తక్కువ. అయినా ఈ అలవాటును వదిలించుకోవలసిందేనని గట్టిగా చెబుతాను.

వార్తాపత్రికను చదవడానికి తయారు చేస్తారు, తిండి పెట్టడానికి కాదు. సిరాలోని రంగులు, ద్రావకాలు, ఖనిజ నూనెలు చాలావరకు నూనెలో కరిగే స్వభావం ఉన్నవి. సీసం వంటి లోహాలు కూడా సిరాలో ఉండే అవకాశం ఉంది. వేడి నూనె తగలగానే అవి కాగితం నుంచి బజ్జీకి చేరడానికి అంతకంటే అనువైన పరిస్థితి లేదు. పైగా ఆ పేపరు ముద్రణాలయం నుంచి పాత పేపర్ల అంగడి దాకా ఎన్ని చేతులు మారిందో, ఏ నేల మీద పడి ఉందో ఎవరూ చెప్పలేరు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016 డిసెంబరులో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు ఆహారాన్ని వార్తాపత్రికలలో చుట్టడాన్ని, నిల్వ చేయడాన్ని నిషేధించాయి. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ వ్యాపారులకూ ప్రజలకూ మరోసారి విజ్ఞప్తి చేసింది. ఇంట్లో పూరీల నూనె పీల్చడానికి పేపరు పరిచే అలవాటుకు కూడా ఇదే కారణం వర్తిస్తుంది. అరటాకు, అడ్డాకు, మోదుగాకు విస్తరి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. బండి దగ్గర అరటాకు ముక్క మీద పెట్టమని అడిగితే, చాలామంది సంతోషంగానే పెడతారు.

నూనె పడినచోట కాగితం అద్దంలా ఎందుకు మారుతుంది?

కాగితం అంటే అల్లిబిల్లిగా పరుచుకున్న సెల్యులోజ్ నారలు, వాటి మధ్య గాలి. వెలుతురు నారలోకి, గాలిలోకి మారిమారి ప్రయాణిస్తూ ప్రతిచోటా వంగి చెదిరిపోతుంది. ఆ చెదరడమే మనకు తెలుపుగా కనిపిస్తుంది. నూనె వెలుతురును వంచే తీరు సెల్యులోజ్ తీరుకు దగ్గర. గాలి ఉన్నచోటును నూనె నింపగానే వెలుతురు అంతగా చెదరకుండా దాటిపోతుంది. నీరు కూడా కొంత ఇలాగే చేస్తుంది కానీ ఆరిపోతుంది, నూనె ఆరదు. ఏ చిరుతిండిలో నూనె ఎంత ఉందో ఉజ్జాయింపుగా చూడడానికి, దాన్ని తెల్ల కాగితం మీద నొక్కి మచ్చను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చాలు.

ఓవెన్‌లో, ఎయిర్ ఫ్రయర్‌లో, మైక్రోవేవ్‌లో ఏ కాగితం పెట్టవచ్చు?

బేకింగ్ పేపరుకు సిలికోన్ పూత ఉంటుంది. పెట్టె మీద ఎన్ని డిగ్రీలు రాసి ఉంటే అంతవరకు, సాధారణంగా 220 డిగ్రీల దాకా, అది తట్టుకుంటుంది. బటర్ పేపరు పేరుతో అమ్మేవాటిలో కొన్ని మైనం పూసినవి కాబట్టి వేడికి మైనం కరుగుతుంది. పెట్టె మీది రాత చదవకుండా ఓవెన్‌లో పెట్టవద్దు. మామూలు కాగితం సుమారు 230 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది. ఎయిర్ ఫ్రయర్‌లో కాగితం మీద దుంప ముక్కల బరువు పడకముందే యంత్రాన్ని నడపకండి, గాలికి కాగితం ఎగిరి వేడి తీగకు తగులుతుంది. మైక్రోవేవ్‌లో అచ్చు లేని తెల్ల టిష్యూ పెట్టవచ్చు. వార్తాపత్రిక, గోధుమ రంగు సంచులు పెట్టకూడదు. వాటిలో సన్నని లోహపు తునకలు ఉంటే మెరుపు పుట్టి అంటుకుంటాయి. మైక్రోవేవ్‌లో పెట్టే దుంపకు ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చండి, లేకపోతే లోపలి ఆవిరికి దారి లేక పేలవచ్చు.

పేపరు కప్పు కాగితమే కదా, అందులో వేడి కాఫీ తాగితే ఏమవుతుంది?

కాగితం ఒక్కటే అయితే కప్పు నిమిషాల్లో నానిపోతుంది. లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం పదిహేను నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తెలిపారు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు కప్పులు కూడా ఉన్నాయి. స్టీలు గ్లాసు అడగండి.

## పిల్లలు అడిగేవి

రెండూ ఒకే చక్కెరతో చేసినవైతే దుంపను తింటాం, కాగితాన్ని ఎందుకు తినలేం? ఆవు పోస్టర్లు ఎలా తింటుంది?

చక్కెర ఒకటే, ముడి వేరు. దుంపలోని గొలుసు ముడులను విప్పే ఎంజైమ్‌లు మన లాలాజలంలో, పేగుల్లో ఉన్నాయి. సెల్యులోజ్‌లో ప్రతి గ్లూకోజ్ అణువూ పక్కదానికి తలకిందులుగా అతుక్కుని ఉంటుంది, గొలుసులు నిటారుగా సాగి ఒకదానికొకటి గట్టిగా పెనవేసుకుంటాయి. ఆ ముడిని విప్పే ఎంజైమ్ మన శరీరానికి లేదు. ఆవుకు కూడా స్వయంగా లేదు, దాని పొట్ట మొదటి గదిలో నివసించే సూక్ష్మజీవులకు ఉంది. అవి సెల్యులోజ్‌ను విరగ్గొట్టి ఆవుకు శక్తినిస్తాయి.

గోడమీది పోస్టరును ఆవు లాగి తినడానికి మరో కారణం వెనుక పూసిన మైదా జిగురు. అంటే ఆవుకు సెల్యులోజ్‌తోపాటు పిండి పదార్థం కూడా ఒకే ముద్దలో దొరుకుతుంది. అయితే సిరా, ప్లాస్టిక్ పోస్టర్లు దానికి హాని చేస్తాయి కాబట్టి దాన్ని చూసి నవ్వుకుని వదిలేయకుండా, వీలైతే వంటింట్లోని దుంప తొక్కలు, కూరగాయల తొడిమలు పెట్టండి. పచ్చబడినవి, మొలకెత్తినవి మాత్రం పశువులకు కూడా పెట్టకూడదు.

పిండి పదార్థం ఉందో లేదో ఇంట్లో చూడవచ్చా?

గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్ చుక్కను నీళ్లలో పలచన చేసి తరిగిన దుంప మీద వేస్తే నలుపు కలిసిన నీలం రంగు వస్తుంది. అదే చుక్కను జిరాక్స్ కాగితం మీద వేయండి. చాలా కాగితాలు నల్లబడతాయి. కాగితానికి నునుపు, గట్టిదనం ఇవ్వడానికి మిల్లులో పిండి పదార్థం పూస్తారు. మన కరెన్సీ నోట్లు అలాంటి పిండి పూత లేని, పత్తితో చేసిన కాగితం. నకిలీ నోట్లను గుర్తించే అయోడిన్ పెన్నులు పనిచేసేది ఈ తేడా మీదనే. పరీక్షకు వాడిన ముక్కను తినకూడదు, మరక పడని చోట చేయించండి.

పూతరేకులలో కాగితం ఉంటుందా?

ఉండదు. ఆత్రేయపురం ఆడవారు బోర్లించిన వేడి కుండ మీద పలచని బియ్యపు పిండి నీళ్లను గుడ్డతో ఒక్కసారి లాగితే, క్షణంలో నీరు ఆవిరై పిండి పదార్థం పొరలా గట్టిపడుతుంది. చూడడానికి కాగితమే, తయారైన సూత్రం మాత్రం సెల్యులోజ్‌ది కాదు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. కేకుల మీద అంటించే తినే కాగితాన్ని కూడా బంగాళాదుంప పిండితో ఇలాంటి పద్ధతిలోనే చేస్తారు. ఊరి నుంచి తెచ్చుకున్న పూతరేకులు చెన్నైలో మెత్తబడతాయి, ఎందుకంటే ఆ సన్నని పొర గాలిలోని తేమను వెంటనే పీల్చుకుంటుంది. గాలి చొరని డబ్బాలో ఉంచండి.

దుంపతో జిగురు చేయవచ్చా?

చేయవచ్చు. దుంపను తురిమి నీళ్లలో పిండి గుడ్డలో వడకట్టండి. ఆ నీటిని అరగంట కదపకుండా ఉంచితే అడుగున తెల్లని పిండి పేరుకుంటుంది. పైనీరు వంచేసి, పిండికి తాజా నీళ్లు కలిపి సన్నసెగ మీద తిప్పండి. సుమారు 65 డిగ్రీల దగ్గర అది చిక్కబడి పారదర్శకంగా మారుతుంది. బొమ్మల కొలువుకు రంగు కాగితాలు అంటించడానికి ఇది బాగా పనికివస్తుంది. రెండు రోజులకు మించి నిలవదు.

## వంట ముగిశాక

నూనె అంటిన కాగితం తడి చెత్తలో వేయాలా, పొడి చెత్తలో వేయాలా?

నూనె అంటిన కాగితం మళ్లీ కాగితంగా మారదు. నారలను నీళ్లలో విడగొట్టేటప్పుడు నూనె తేలి ముద్దను పాడుచేస్తుంది. కాబట్టి ప్లాస్టిక్ పూత లేని టిష్యూలను దుంప తొక్కలతోపాటు కంపోస్టుకు పంపడమే సరైనది. తొక్కలు ఒక్కటే వేస్తే డబ్బాలో నీరు కారి వాసన వస్తుంది, చింపిన కాగితం కలిపితే ఆ తేమను పీల్చుకుంటుంది. తొక్క మీద కళ్లు మిగిలి ఉంటే కంపోస్టులో మొలకెత్తవచ్చు. దాన్ని కుండీలో నాటి పిల్లలకు చూపించండి.

చెయ్యి కాలితే దుంప ముక్క రుద్దవచ్చా?

వద్దు. కాలినచోట కుళాయి నీటి ధారను ఇరవై నిమిషాలు పడనివ్వండి. బొబ్బలు పెద్దవైనా, ముఖం మీద కాలినా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పచ్చిదుంప వల్ల గాయంలోకి మట్టి, సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉంది.

దోసె పెనం మీది తుప్పును దుంపతో తోమవచ్చా?

పలచని తుప్పు అయితే తోమవచ్చు. సగానికి కోసిన దుంపను రాళ్ల ఉప్పులో అద్ది రుద్దండి. దుంపలోని ఆక్సాలిక్ ఆమ్లం తుప్పును వదిలిస్తుంది, ఉప్పు గరుకుగా తోముతుంది. కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరనిచ్చి, నూనె రాయండి. మరో సగం దుంపకు ఫోర్కు గుచ్చి నూనెలో ముంచి దోసెకు దోసెకు మధ్య పెనం మీద తిప్పితే, నూనె పలచగా సమానంగా పరుచుకుంటుంది. టిష్యూతో తుడిచేవారు వేడి పెనం మీద అది మాడి పోగులు దోసెకు అంటుకోవడం చూసే ఉంటారు.